తెర వెనుక కుర్చీ ఎవరిది?

కొన్నేళ్ల కిందట ఎం.ఏ. చివరి సెమిస్టర్ విద్యార్థులకు టెలివిజన్ మేనేజ్‌మెంట్ పేపరు బోధిస్తున్నాను. ప్రకటనల మార్కెట్టు ప్రేక్షకులను ఎలా వర్గీకరిస్తుందో చెబుతూ ఎన్‌సీసీఎస్ పద్ధతిని బోర్డు మీద రాశాను. మార్కెట్ పరిశోధనా రంగం 2011లో అమల్లోకి తెచ్చిన ఈ పద్ధతికి కొలతలు రెండే. ఇంట్లో ప్రధానంగా సంపాదించే వ్యక్తి చదువు ఒకటి. 11 వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది రెండోది. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, కలర్ టీవీ, ద్విచక్ర వాహనం, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, వీటితోపాటు వ్యవసాయ భూమి. వెనుక బెంచీలోంచి ఒక దళిత విద్యార్థిని లేచి అడిగింది: "సార్, పొలం కూడా ఈ లెక్కలోకి వస్తుందా? మా వాడలో ఎవరికీ సెంటు భూమి లేదు. రోజూ టీవీ చూస్తున్నా మేము కింది తరగతి ప్రేక్షకులమేనా?"

ఆ ప్రశ్నకు నా దగ్గరున్న పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. రేటింగుల నమూనాలో ఆమె ఇంటి వంటి ఇల్లు కూడా ఉండవచ్చు. కానీ ప్రకటనదారులు ఎక్కువ ధర పెట్టి కొనేది 'ఎ', 'బి' వర్గాల చూపునే. ఆ వర్గాల్లో ఎవరుంటారో తేల్చే జాబితాలో భూమి ఒకటి. మొదటి కొలతైన చదువు కూడా తరతరాలుగా కొన్ని కులాలకు నిషేధించిన సంపదే. భూమి, చదువు ఏ కులాల చేతుల్లో పోగుపడ్డాయో తెలిసిన సమాజంలో ఈ లెక్క కులానికి అతీతమని ఎలా అనగలం? ఆ పట్టికలో కులం పేరు కనిపించదు. కులం మిగిల్చిన ఫలితం మాత్రం ప్రతి గడిలోనూ ఉంటుంది.

మీడియాలో కులం గురించిన మన చర్చ ఇంతకాలం విలేకరి, యాంకర్ల దగ్గరే ఆగిపోతోంది. 1996లో సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కోసం వెతికి, దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఉన్న 315 మందిని పరిశీలించారు. వారిలో ఒక్క దళితుడు గానీ, ఆదివాసీ గానీ లేరు. బీసీలు 4 శాతం. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ సంస్థలు 121 నాయకత్వ పదవులను పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నట్టు తేలింది. ఎస్సీలు, ఎస్టీలు అప్పుడూ శూన్యమే.

ఈ పరిశోధకులు లెక్కించింది పై మెట్లను. కింది మెట్లలో మనవాళ్లు లేరని కాదు. మన రెండు రాష్ట్రాల్లో మండలాల స్థాయిలో పనిచేసే స్ట్రింగర్లలో, కెమెరామన్లలో దళిత, బహుజన యువకులు గణనీయంగానే ఉన్నారు. వారిలో చాలామందికి నెలజీతం ఉండదు. పైగా పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెచ్చే బాధ్యత మాత్రం ఉంటుంది. దళితవాడపై దాడి జరిగితే దృశ్యాలు పంపేది ఆ యువకుడే. ఓబీ వ్యాను కదలాలా వద్దా, ఆ వార్తకు ప్రైమ్ టైమ్‌లో చోటివ్వాలా, అదే ఊరి పెద్దమనిషి ఇచ్చే ప్రకటన పోతే ఫరవాలేదా అన్నవి తేల్చేది వేరొకరు. వారు బడ్జెట్ గదిలో, షెడ్యూలింగ్ గదిలో, ప్రకటనల విభాగంలో కూర్చుంటారు. ఏ విభాగానికి ఎందరిని తీసుకోవాలి, ఎవరిని తొలగించాలి అన్నదీ అక్కడే ఖరారవుతుంది. వార్త రాసే చోటికి మనం ఎంతో కొంత చేరాం. వార్త విలువ కట్టే చోటికి చేరలేదు.

ఆ చోటికి దారితీసే చదువు టెలివిజన్, మీడియా మేనేజ్‌మెంట్. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది. మన విశ్వవిద్యాలయాల్లోని ఇటువంటి విభాగాలకు రిజర్వేషన్ల వల్ల మొదటి తరం విద్యార్థులు వస్తున్నారు. కానీ అక్కడ బోధన ఎక్కువగా రిపోర్టింగ్, ఎడిటింగ్, కమ్యూనికేషన్ సిద్ధాంతాల చుట్టూ తిరుగుతుంది. మేనేజ్‌మెంట్ ఒకటి రెండు పేపర్లకు పరిమితం. ఆదాయ వ్యయాలు, పంపిణీ ఒప్పందాలు, క్యారేజీ ఫీజులు, రేటింగుల విశ్లేషణ వంటివి లోతుగా నేర్పే కోర్సులు లక్షల్లో ఫీజులు వసూలు చేసే ప్రైవేటు సంస్థల్లో ఉన్నాయి. మనవాళ్లకు పెన్ను ఇచ్చే చదువు ఒకచోట, లెక్కల పుస్తకం ఇచ్చే చదువు మరొకచోట అన్నట్టు ఈ విభజన స్థిరపడింది.

చట్టం ఈ గోడను కదిలించగలదు. 93వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాల్లోనూ రిజర్వేషన్లు కల్పించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2014లో దాన్ని సమర్థించింది. అయితే 2006 నాటి కేంద్ర చట్టం కేంద్ర విద్యాసంస్థల వద్దే ఆగిపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వంటి ఆసరా కూడా నిలకడగా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారిని ఆ పథకం నుంచి తప్పించింది. డిగ్రీ వరకు చేయి పట్టుకుని నడిపించి, నాయకత్వానికి దారితీసే చదువు దగ్గర వదిలేయడం సామాజిక న్యాయం అనిపించుకోదు.

పత్రిక నడపడమంటే రాయడం ఒక్కటే కాదని అంబేడ్కర్ అనుభవం ఎప్పుడో చెప్పింది. 1920 జనవరి 31న ఆయన 'మూక్‌నాయక్' ప్రారంభించినప్పుడు కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజ్ ఆర్థిక సాయం అందించారు. అయినా ఆ పత్రిక కొన్నేళ్లకే ఆగిపోయింది. 1927లో మొదలైన 'బహిష్కృత భారత్'కు శీర్షికలన్నీ దాదాపు తానే రాశారు. అదీ వనరులు లేక నిలిచిపోయింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. కుసుమ ధర్మన్న 'జయభేరి' తెచ్చారు. వీరికి కలం బలం కొరవడలేదు, చెప్పవలసిన సత్యమూ కొరవడలేదు. పెట్టుబడి, పంపిణీ, ప్రకటనలు మాత్రం వారి చేతుల్లో లేవు. నూరేళ్లు గడిచాక కూడా మన యువతకు కలం పాఠాలే చెప్పి పంపితే, ఆ అనుభవం నుంచి మనం నేర్చుకున్నదేమిటి?

చానెల్ వ్యాపారమనీ, వ్యాపారంలో ప్రతిభే కొలమానమనీ కొందరు వాదిస్తారు. ఆ ప్రతిభ ఎక్కడ తయారవుతోందో కూడా చూడాలి. చానెల్లో ఉద్యోగం దొరకాలంటే ముందు ఇంటర్న్‌షిప్ చేయాలి. చాలాచోట్ల దానికి పైసా ఇవ్వరు. తరగతిలో నన్ను ఆ ప్రశ్న అడిగిన విద్యార్థినికి ఒక చానెల్ షెడ్యూలింగ్ విభాగంలో మూడు నెలల అవకాశం వచ్చింది. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు భరించలేక నెల తిరగకుండానే వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు సొంత జిల్లాలో స్ట్రింగర్. ఆ మూడు నెలలు నగరంలో బంధువుల ఇంట్లో ఉండి పూర్తి చేసిన ఆమె సహాధ్యాయి అదే విభాగంలో ఉద్యోగి అయ్యాడు. మార్కుల్లో ఆమెదే పైచేయి. దీన్ని ప్రతిభల మధ్య పోటీ అనలేం.

ప్రభుత్వ జోక్యానికి తావు లేదన్నదీ నిజం కాదు. 2022 నవంబరులో కేంద్రం తెచ్చిన అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ మార్గదర్శకాల ప్రకారం చానెళ్లు రోజుకు 30 నిమిషాలు ప్రజాప్రయోజన కార్యక్రమాలు ప్రసారం చేయాలి. అందుకు సూచించిన ఎనిమిది అంశాల్లో బలహీన వర్గాల సంక్షేమం ఒకటి. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ ఆస్తిని వాడుకునేవారిని ప్రాతినిధ్యం గురించి అడిగే హక్కు ప్రజలకు ఉంది. తెలంగాణ కులసర్వేలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. ఆ లెక్కను చట్టసభల సీట్లతో పోల్చి మాట్లాడుతున్నాం. చానెళ్ల నిర్ణయాధికార గదులతో కూడా పోల్చాలి.

అందుకు చేయవలసిన పనులు కష్టసాధ్యమైనవి కావు. ఉభయ రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు జర్నలిజం, కామర్స్, మేనేజ్‌మెంట్ విభాగాలను కలిపి టెలివిజన్, మీడియా మేనేజ్‌మెంట్‌లో పూర్తిస్థాయి పీజీ కోర్సు ప్రారంభించాలి. న్యూస్‌రూమ్ కుల గణన, రేటింగుల సామాజిక విశ్లేషణ అందులో తప్పనిసరి పాఠ్యాంశాలు కావాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్ కాలానికి సంక్షేమ శాఖలు భృతి ఇవ్వాలి. సమాచార పౌరసంబంధాల శాఖ నుంచి ప్రకటనలు పొందే చానెళ్లు తమ ఉద్యోగుల సామాజిక కూర్పును, వ్యక్తుల పేర్లు లేకుండా, ఏటా ప్రకటించాలన్న షరతు పెట్టాలి. ప్రజాధనం తీసుకునేవారు ప్రజలకు ఆ మాత్రం లెక్క చెప్పడం న్యాయమే.

విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది మేనేజ్‌మెంట్ పేపరును మార్కెట్టు చదువనీ, ఉద్యమానికి పనికిరాదనీ పక్కన పెడుతున్నారు. బ్యాలెన్స్ షీటు చదవలేని ఉద్యమం తన గొంతును ఎవరో అద్దెకిచ్చిన మైకులోనే వినిపించుకోవలసి వస్తుంది. మైకు యజమాని ఎప్పుడైనా స్విచ్ ఆపేయగలడు. ప్రేక్షకులను కొలిచే జాబితాలో భూమి ఎందుకుందని తరగతి గదిలో అడిగిన గొంతు, ఆ జాబితాను రూపొందించే సమావేశంలో వినిపించాలి. ఆ కుర్చీ దాకా ఆమె వంటివారిని చేర్చే చదువును అందించవలసిన బాధ్యత మన విశ్వవిద్యాలయాలది, ప్రభుత్వాలది. అడిగి సాధించుకోవలసిన బాధ్యత మనందరిది.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)