విమానం పేరు అడగరాదా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని కువైట్‌కు పోయేవారికి విమానయానం విలాసం కాదు, బ్రతుకుతెరువు. టికెట్టు కొనునప్పుడు అట్టివాడు "ఇది ఏ రకం విమానమండీ?" అని అడిగితే పల్లెటూరి పిరికితనమని నవ్వేవారున్నారు. ఇది నవ్వదగిన విషయమేనా?

బోయింగ్ 737 మ్యాక్స్ రకం విమానం 2018 అక్టోబరు 29న ఇండోనేషియా సముద్రంలో కూలగా 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో కూలగా 157 మంది మరణించారు. గాలికెదురుగా విమానం ముక్కు ఎంత కోణంలో లేచినదో చెప్పే పరికరం ఒకటి తప్పు చెప్పినది. దానినొక్కదానినే నమ్మిన కంప్యూటరు ముక్కును పదే పదే నేలవైపు వంచినది. అట్టి ఏర్పాటు ఉన్నదని మొదటి ప్రమాదం వరకు పైలట్లకే చెప్పలేదు! ఇక పల్లెవాడు అడగటంలో తప్పేమున్నది?

మన దేశంలో 2019 మార్చిలో ఆ విమానాలను నిలిపివేసి, మార్పుల పిదప 2021 ఆగస్టులో మరల అనుమతించారు. సరిదిద్దినదానిని శాశ్వతంగా వెలివేయమనడం న్యాయం కాదు. అహ్మదాబాదులో 2025 జూన్ 12న కూలినది 787 అనే వేరొక రకం. దాని పాపం దీనికి అంటగట్టరాదు.

అయినా బస్సు ఎక్కేవాడు టైర్ల వంక చూస్తాడు, నచ్చకుంటే వెనుకదానికై ఆగుతాడు. విమానంలో ఆ వీలేది? టికెట్టు నాడు ఒక రకం చెప్పి, ప్రయాణం నాడు మరొకటి తెచ్చి నిలుపవచ్చును. అట్లు మార్చినప్పుడు ముందుగా తెలిపి, వద్దన్నవానికి అదనపు రుసుము లేకుండా మరొకనాటి టికెట్టు ఇచ్చే నియమం రావలెను. వీసా గడువు ముంచుకొచ్చినవాడు ఎట్లాగూ ఎక్కక తప్పదు. తక్కినవారికైనా ఆ వెసులుబాటు దక్కవలెను.