బోర్డో తొట్టిలో పదో తరగతి రసాయనం

నిమ్మ, బత్తాయి తోటల్లో బంక తెగులు కనిపిస్తే రైతు బోర్డో మిశ్రమం కలుపుకుంటాడు. 1 శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు కావాలి. తుత్తాన్ని ఒక ప్లాస్టిక్ తొట్టిలో కరిగించి, సున్నాన్ని వేరే తొట్టిలో కలిపి, ఆ తర్వాతే రెండూ ఒకచోట పోస్తారు. ఇనప పాత్ర జోలికి పోరు. ఆఖర్న తుప్పులేని కత్తినో కొడవలినో అందులో కాసేపు ముంచి తీస్తారు. ఇనుము మీద ఎర్రటి పూత పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. ఇంకాస్త పోసి మళ్లీ చూస్తారు.

ద్రాక్ష తోటల బూజు తెగులుకు ఈ మందు పనిచేస్తుందని ఫ్రాన్స్‌లోని బోర్డో ఆచార్యుడు మిల్లార్డే 1885లో ప్రకటించారు. పదో తరగతి పిల్లలు బట్టీ పట్టే సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అనే నాలుగు రకాల రసాయన చర్యలూ ఈ ఒక్క మందు వెనకే ఉన్నాయి.

పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయి కాలి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేయడం వియోగం. 100 గ్రాముల స్వచ్ఛమైన రాయిలో చివరికి మిగిలేది 56 గ్రాముల సున్నమే. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి పొగలు కక్కుతుంది. అది సంయోగం, వేడిని వెలువరించే చర్య కూడా. తుత్తం, సున్నం కలిసి నీలి ముద్దగా విరగడం స్థూలంగా ద్వంద్వ వియోగం. స్థూలంగా అనడం ఎందుకంటే, అక్కడ పుట్టే రాగి సమ్మేళనాలు పుస్తకంలోని సమీకరణమంత సాదాగా ఉండవు.

ఇక కత్తి సంగతి. ద్రావణంలో రాగి అయాన్లు మిగిలి ఉంటే ఇనుము వాటికి ఎలక్ట్రాన్లిచ్చి తాను కరుగుతుంది, రాగి వచ్చి కత్తికి అంటుకుంటుంది. ఇది స్థానభ్రంశం. ఇనుము వైపు నుంచి చూస్తే ఆక్సీకరణం, రాగి వైపు నుంచి చూస్తే క్షయకరణం. ఒక చర్య పూర్తయిందో లేదో తేల్చడానికి రైతు మరో చర్యను వాడుతున్నాడు!

పరీక్షల్లో మాత్రం సమీకరణం ఇచ్చి ‘ఇది ఏ రకం?’ అని అడగడమే ఎక్కువ. పిల్లలు బాణానికి అటూ ఇటూ ఎన్ని పదార్థాలున్నాయో లెక్కపెట్టి పేరు రాసేస్తారు, మార్కు పడుతుంది. కానీ వంటగ్యాసు మండటం ఆ నాలుగింటిలో దేంట్లోనూ ఇమడదు. నీళ్లు పోసి గాలికి వదిలేసిన సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి మళ్లీ కార్బొనేట్ అవుతుంది, నీరూ పుడుతుంది. రెండు కలిసి రెండయ్యాయి కాబట్టి సంయోగమనడానికి వీల్లేదు. పాత సున్నంతో బోర్డో కుదరకపోవడానికి కారణమూ అదే. వర్గీకరణ విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. గడిలో పట్టనిదాన్ని పిల్లల ముందు పెట్టకుండా రకాలు నేర్పామనుకోవడం వాళ్లకు అన్యాయం చేయడమే.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లు ఒక్క మార్పు చేస్తే చాలు. ‘కత్తి ఎర్రబడింది. తొట్టిలో ఏం మిగిలింది? ఏం కలపాలి? ఎందుకు?’ అని అడగాలి. జవాబు రాయాలంటే రెండు రకాల చర్యలూ అర్థమై తీరాలి.

దీన్ని బడిలో చేసి చూపడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. చెంచాడు తుత్తం, ముందే తడిపి చల్లార్చిన సున్నం, ఒక మేకు, గాజు గ్లాసులు చాలు. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి ఉపాధ్యాయుడు దగ్గరుండాలి, పిల్లలకు రక్షణ కళ్లద్దాలు పెట్టాలి. మిగిలిన నీలి నీళ్లను కాలువలోనో చెరువులోనో పారబోయకూడదు. రాగి చేపలకు విషం.