ఆయిల్ అంటే ఆయిలే కదా!

కిందటి ఆగస్టులో ఒక రాత్రి మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మందు కొట్టే పెట్రోలు పంపు పట్టేసింది. వాన తెరిపిచ్చి రెండు రోజులే అయింది, గిప్పుడే మందు కొట్టాలె. మీ బావ తల పట్టుకొని కూసున్నడు" అంది. అక్కను జన్నారం దాటినాక ఓ పల్లెకు ఇచ్చాం. నాలుగెకరాల పత్తి. పచ్చదోమ పడి ఆకుల అంచులు ముడుచుకుపోతున్నాయి. వానల మధ్య దొరికే ఆ రెండు మూడు రోజులు చేజారితే మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో చెప్పలేం.

తెల్లారకముందే నా పాత ఆర్‌ఎక్స్ 100 తీశాను. కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్షెట్టిపేట, అక్కడి నుంచి జన్నారం. పంపు అప్పటికే మెకానిక్ ముందు విప్పి ఉంది. పిస్టన్ మీద గోళ్లతో గీరినట్టు నిలువు చారలు. రింగులు గాడిలోనే అతుక్కుపోయాయి.

"పటేలా, పెట్రోలుల ఏం ఆయిల్ కలిపినవ్?" అని అడిగాడు మెకానిక్.

"2టీ అయిపోయిందని ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాల మిగిలింది పోసిన. ఆయిల్ అంటే ఆయిలే కదా" అన్నాడు బావ. తర్వాత నా దిక్కు చూసి, "కరీంనగర్ల నీ బండికి మెకానిక్ గసొంటిదే పోసిండు కదా బామ్మర్దీ. నేను పక్కనే ఉండి సూస్తి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. బావ చూసింది నిజమే. కానీ ఆ రోజు మెకానిక్ పోసింది గేర్‌బాక్స్‌లో. పెట్రోలుతో కలిసేది వేరే ఆయిల్ అని బావకు నేను చెప్పలేదు. నాలుగేళ్లుగా బళ్ల గురించి ఈ శీర్షిక రాస్తున్నాను. ఇంట్లో వాళ్లకు మాత్రం ఆ ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే ఈ వారం అదే రాస్తున్నాను.

కొత్త బళ్లన్నీ ఫోర్ స్ట్రోక్‌వే కదా, ఈ గొడవ మనకెందుకు అనుకోకండి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అయినా కరీంనగర్‌లో ఇప్పటికీ దాని చప్పుడు వినబడుతూనే ఉంది. టీవీఎస్ 50 మొదలు ఎక్స్ఎల్ సూపర్ దాకా మన పొలం గట్ల మీద తిరిగిన మోపెడ్లన్నీ టూ స్ట్రోక్‌వే. 2015లో వచ్చిన ఎక్స్ఎల్ 100 మాత్రం ఫోర్ స్ట్రోక్. రేసుల వాళ్లకు డర్ట్ బైకులు ఉంటే, ఆదిలాబాద్ నల్లరేగడి బురదలో ఎరువు బస్తా వేసుకుని పోయే ఎక్స్ఎల్ మనకు అంతకంటే తక్కువేం కాదు. వీటికి తోడు వీపున వేసుకునే పెట్రోలు పంపులు, గడ్డి కోసే మిషన్లలో చాలావరకు టూ స్ట్రోక్ ఇంజన్లే.

అసలు తేడా ఎక్కడుంది? ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ అడుగున నిలువ ఉంటుంది. తిరిగి తిరిగి అదే పని చేస్తుంది. నల్లబడితే మారుస్తాం. టూ స్ట్రోక్‌లో అలా నిలువ ఉండదు. పెట్రోలుతో పాటు లోపలికి పోయి, బేరింగులనూ పిస్టన్‌నూ తడిపి, చివరికి పెట్రోలుతోనే కాలిపోతుంది. అంటే అది సులువుగా పెట్రోలులో కరగాలి, బూడిద మిగలకుండా కాలాలి. ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్‌ను కాలడానికి చేయలేదు. దానిలో కలిపే జింకు, కాల్షియం లాంటివి కాలితే బూడిదవుతాయి. ఆ బూడిద రింగుల గాడిలో, ప్లగ్ మీద, సైలెన్సర్‌లో పేరుకుంటుంది. బావ పంపులో జరిగింది అదే.

మరి ఏది కొనాలి? కంపెనీ పేరు కంటే ముందు డబ్బా వెనక చిన్న అక్షరాలు చూడండి. ఏపీఐ టీసీ అని గానీ, జాసో అని ఉండి పక్కన ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని గానీ ఉంటుంది. జాసో జపాన్ వాళ్ల ప్రమాణం. ఎఫ్‌బీ కంటే ఎఫ్‌సీ తక్కువ పొగ ఇస్తుంది. ఎఫ్‌డీ ఎక్కువ వేడిలోనూ లోపల మసి పట్టకుండా చూస్తుంది. ఎక్స్ఎల్, ఆర్‌ఎక్స్ లాంటి వాటికి ఎఫ్‌సీ సరిపోతుంది. టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది నీళ్లతో చల్లబడే పడవ ఇంజన్ల ఆయిల్. గాలితో చల్లబడే మన బళ్లకు వద్దు.

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. బండికి ఖరీదైన ఆయిల్ పోసి, "చిన్న పంపే కదా" అని దానికి ఏదో ఒకటి పోస్తారు. బండి గంటసేపు నడిస్తే అందులో సగం సేపు యాక్సిలేటర్ వదిలే ఉంటుంది. పంపు అట్లా కాదు. మందు కొట్టినంతసేపూ ఫుల్ రేజ్ మీద నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతూనే ఉంటుంది, అదీ మనిషి వీపు మీద, ఎండలో. అన్నిటికంటే మంచి ఆయిల్ కావాల్సింది దానికే. ఎఫ్‌డీ దొరికితే పంపుకు అదే వాడండి.

రెండోది కొలత. లీటరు పెట్రోలుకు 20 ఎంఎల్ అంటే యాభైకి ఒకటి. 25 ఎంఎల్ అంటే నలభైకి ఒకటి. 40 ఎంఎల్ అంటే ఇరవై అయిదుకు ఒకటి. ఏది మీ ఇంజన్‌దో దాని పుస్తకంలోనో, ట్యాంకు మూత మీదో ఉంటుంది. పక్కింటి వాళ్ల లెక్క మీకు పనికిరాదు. ఆర్‌ఎక్స్‌కు 2టీ ట్యాంకు వేరే ఉంటుంది, పంపు దానంతటదే కొలిచి పోస్తుంది. పాత బండి కొనేవాళ్లు ఆ పంపు పనిచేస్తోందా, తీసేయించారా అని తప్పకుండా అడగండి. తీసేసిన బండిలో ఉత్త పెట్రోలు పోస్తే అది కొంతదూరం బాగానే ఉరుకుతుంది, పట్టేసేదాకా.

"కొంచెం ఎక్కువ పోస్తే ఇంజన్‌కు మంచిదే కదా" అంటారు. కాదు. జెట్‌లోంచి పోయేది అంతే. అందులో ఆయిల్ పెరిగితే పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ చల్లగా ఉండడానికి బదులు వేడెక్కుతుంది. పైగా మసి, పొగ. ప్లగ్ విప్పి చూడండి. ఇటుక రంగులో ఉంటే కొలత సరిగ్గా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైందేమో చూసుకోండి. తెల్లగా ఉంటే ఇంజన్ కాలిపోతున్నట్టు, వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించండి.

ఆముదం గురించి కూడా అడుగుతుంటారు. పాతకాలం రేసు బళ్లలో ఆముదం వాడిన మాట నిజం. క్యాస్ట్రాల్ పేరు పుట్టిందే ఆముదం ఇంగ్లిష్ పేరు నుంచి. కానీ వాళ్లు రేసు అవగానే ఇంజన్ విప్పి కడిగేవాళ్లు. మనం నూనె గానుగ నుంచి తెచ్చి పోస్తే లోపల బంకలా అంటుకుంటుంది.

విడిగా సీసాలో పోసి అమ్మే ఆయిల్ కొనకండి. ఆ సీసాలో ఉన్నది ఏమిటో మీకు తెలిసే దారి లేదు. ఢిల్లీలో విడి 2టీ అమ్మకం ఆపాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. కాబట్టి కలిపిన పెట్రోలును నెలల తరబడి ఉంచొద్దు. సీజన్ అయిపోయాక పంపు ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం ఎప్పుడూ దాచకండి, ఇంట్లో పిల్లలుంటారు. పురుగుమందు మూతతో ఆయిల్ కొలవకండి.

ఆ రోజు పంపుకు పిస్టన్, రింగులు మంచిర్యాల నుంచి రావాలన్నారు. బావ బ్యాటరీ పంపు కిరాయికి తెచ్చి ఒకటిన్నర ఎకరం కొట్టేసరికి మబ్బు పట్టింది. మిగతా రెండున్నర ఎకరాలకు మందు పడింది తొమ్మిది రోజుల తర్వాత. ఆ చెక్క పత్తి ఈసారి ఎట్లా వచ్చిందో అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

తిరిగొచ్చే ముందు జన్నారంలో మెడికల్ షాపులో సూది లేని 20 ఎంఎల్ సిరంజి ఒకటి కొన్నాను. దాని మీద మార్కర్‌తో "2టీ" అని రాసి, కొట్టంలో పంపు పక్కన మేకుకు తగిలించాను. ఎఫ్‌డీ డబ్బా కింద పెట్టాను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లీటరుకు ఎన్ని సిరంజీలు?" అని అడిగాడు. ఇద్దరం కలిసి పంపు మూత తుడిచి, దాని మీద ఉన్నది చదివాం.