జీడితోట లేని దీవిలో జీడి బేరం

పోయిన వేసవిలో పదకొండు బస్తాల జీడిపిక్కలు ట్రాక్టరు మీద వేసుకుని కాశీబుగ్గ వెళ్ళాను. షావుకారు ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పిక్కలు తీశాడు. రెంటిని కోసి చూశాడు. "తేమ ఉంది. పైగా ఆఫ్రికా పిక్క దిగింది, రేటు పడిపోయింది" అన్నాడు. ఎక్కడ పడిపోయింది బాబూ అని అడిగితే "సింగపూర్లో" అన్నాడు. ముందురోజు ఫోన్లో చెప్పిన రేటు మీద బస్తాకు ఆరు వందలు కోత పెట్టాడు. ట్రాక్టరు కిరాయి అప్పటికే ఇచ్చేశాను. అమ్మాయి కాలేజీ ఫీజు గడువు నాలుగు రోజుల్లో ఉంది. సరుకు వెనక్కి తోలుకుపోలేక ఆ రేటుకే ఇచ్చేసి వచ్చాను.

మా మేనల్లుడు సింగపూర్లోనే షిప్‌యార్డులో వెల్డరు. ఆ రాత్రి వాడికి ఫోన్ చేసి, "ఒరే, ఆ ఊళ్ళో జీడితోటలు ఉన్నాయేట్రా?" అని అడిగాను. వాడు నవ్వాడు. "జీడితోటలేటి మావయ్యా, ఇక్కడ కొత్తిమీర కట్ట కూడా పక్క మలేసియా నుంచి లారీలో వస్తాది" అన్నాడు.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తోటే లేని ఊరు మన తోట పంటకు ధర ఎలా చెబుతోంది?

సింగపూర్ పేరు మనకు కొత్తది కాదు. మన నాయకులు మైకు పట్టుకుంటే ఆ పేరు వస్తుంది. అమరావతిలో స్టార్టప్ ఏరియా కోసం 2017లో సింగపూర్ కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు, 2019లో రద్దు చేసుకున్నారు. ఇప్పుడు మన జిల్లాలో మూలపేట పోర్టు కడుతున్నారు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయానికి భూములు అడుగుతున్నారు. పోర్టు వస్తే వ్యాపారం వస్తుంది, వ్యాపారం వస్తే మనమూ సింగపూర్ అవుతాం అంటున్నారు. అందుకే ఆ దీవిలో వ్యాపారం నిజంగా ఎలా నడుస్తుందో రైతులుగా మనం తెలుసుకోవాలి.

అది చిన్న దేశం. సుమారు 730 చదరపు కిలోమీటర్లు. జిల్లాలు విడగొట్టాక మిగిలిన మన శ్రీకాకుళం జిల్లాలో ఇంచుమించు ఆరో వంతు. తినే తిండిలో 90 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. తాగే నీళ్ళు కూడా కొంత మలేసియా నుంచి కొంటారు. 1819లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ సుంకం లేని రేవు పెట్టారు. 1965లో స్వతంత్ర దేశమైంది. పండించడానికి నేల లేదు కనుక ఇతరులు పండించినదాన్ని కొని అమ్మడమే బతుకుదెరువు చేసుకుంది. అందులో తప్పేమీ లేదు. మనం చూడాల్సింది వాళ్ళు ఆ పని ఎంత పకడ్బందీగా చేసుకున్నారో.

మనం అనుకున్నట్టు అక్కడి బలం ఓడలూ క్రేన్లే కాదు, కాగితం కూడా. ఐవరీ కోస్టులో కొన్న పిక్క నేరుగా విశాఖకో వియత్నాంకో ఓడలో పోతుంది. ఆ దీవిలో దిగాల్సిన పని కూడా లేదు. కొనుగోలు ఒప్పందం, బ్యాంకు పూచీ, ఓడ రశీదు మాత్రం చాలాసార్లు సింగపూర్ కంపెనీ చేతిలో ఉంటాయి. ఓలం అనే పెద్ద కంపెనీనే చూడండి. 1989లో నైజీరియా నుంచి జీడిపిక్కలు ఎగుమతి చేస్తూ మొదలైంది. తర్వాత ప్రధాన కార్యాలయం సింగపూర్‌కు మార్చుకుంది. ఈరోజు అందులో పెద్ద వాటా సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్‌ది. ఎందుకు మారతారు? అక్కడ ఎగుమతి, దిగుమతి కాగితాలన్నీ ఒకేచోట కంప్యూటర్లో పెట్టే పద్ధతి 1989లోనే వచ్చింది. తగాదా వస్తే తీర్చడానికి 1991 నుంచి మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది. మామూలు కంపెనీ పన్ను 17 శాతం అయితే, అంతర్జాతీయ సరుకుల వ్యాపారం చేసే అర్హత గల కంపెనీలకు 2001 నుంచి రాయితీ రేటు ఇస్తున్నారు.

ఇప్పుడు మన 80 కిలోల బస్తా దగ్గరికి వద్దాం. ఈ లెక్క మన పలాసది మాత్రమే కాదు. ప్రపంచంలో పచ్చి జీడి ఒప్పందాల్లో నాణ్యతను 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు వస్తుందన్న లెక్కలోనే రాస్తారు. 48 పౌన్లు అని రాసుకుంటే బస్తాకు దాదాపు 21.8 కిలోల పప్పు రావాలి. తగ్గితే ధర ఎంత తగ్గాలో, ఏ అంకె దిగితే సరుకు తిప్పి పంపొచ్చో ముందే రాసుకుంటారు. తేమ ఎంత, కిలోకు ఎన్ని పిక్కలు తూగాలి అన్నవీ అందులో ఉంటాయి. పరీక్ష చేసేది అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు, మూడో మనిషి.

అదే 80 కిలోల బస్తా ఉద్దానం రైతు తెస్తే? గుప్పెడు తీసి, రెండు కోసి, మాటతో తేల్చేస్తారు. తేమ కొలిచే మిషనుండదు. కాగితం ముక్క ఉండదు. ఆఫ్రికా నుంచి వచ్చిన బస్తాకు ఒక న్యాయం, అక్కుపల్లి నుంచి వచ్చిన బస్తాకు ఇంకో న్యాయం. మనం ఓడిపోయేది ఇక్కడ. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు.

రెండోది కాలం. టాంజానియా పంట అక్టోబరు నుంచి జనవరి దాకా వస్తుంది. పశ్చిమ ఆఫ్రికా పంట ఫిబ్రవరి నుంచి దిగుతుంది. మన పిక్క రాలేది మార్చి నుంచి మే దాకా. అంటే మనం బస్తాలు కట్టేసరికి ఫ్యాక్టరీ గోదాములో సరుకు ఉంటుంది, ఓడలో ఇంకో సరుకు వస్తూ ఉంటుంది. ఫ్యాక్టరీ ఆగగలదు, మనం ఆగలేం. నిజానికి బాగా ఎండిన పిక్క టమాటా కాదు, నెలల తరబడి నిలవ ఉంటుంది. పిక్క ఆగుతుంది గానీ అప్పు ఆగదు. దీవి వ్యాపారి ధర చెబుతున్నాడంటే కారణం తెలివి ఒక్కటే కాదు, సరుకు పట్టుకుని ఆగడానికి వాడికి బ్యాంకు డబ్బుంది. మనకు ఆగే గోదామూ లేదు, ఆగనిచ్చే అప్పూ లేదు.

మూడోది, ప్రభుత్వం ఎవరి వెనక నిలబడింది అన్నది. సింగపూర్ అంటే అంతా మార్కెట్‌కే వదిలేసిన దేశమని మనకు చెబుతారు. అక్కడ బియ్యం దిగుమతి చేసే వ్యాపారి రెండు నెలల దిగుమతికి సరిపడా నిల్వ ఉంచి తీరాలని నిబంధన ఉంది. 2023 జూలైలో మన కేంద్రం తెల్లబియ్యం ఎగుమతి ఆపేస్తే, సింగపూర్ ప్రభుత్వం మాట్లాడి ఆగస్టు చివరికల్లా తన వరకు మినహాయింపు తెచ్చుకుంది. 50 వేల టన్నులు అనుమతించారు. ఇక్కడ ధాన్యం రైతుకు మాత్రం అప్పట్లో ఆ తలుపు మూసే ఉంచారు. తన జనం కోసం వాళ్ళ ప్రభుత్వం అడిగింది. మన కోసం మన ప్రభుత్వం ఏం అడిగింది?

కొబ్బరి, జీడి ఉద్దానానికి రెండు కళ్ళు. ఎండు కొబ్బరికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. జీడిపిక్కకు లేదు. పచ్చి పిక్కల దిగుమతి మీద 2016 బడ్జెట్లో 5 శాతం సుంకం వేశారు, 2018లో దాన్ని 2.5కు తగ్గించారు. 2019లో దిగుమతి అయ్యే జీడిపప్పుకు మాత్రం కనీస ధర కట్టారు: గుండు పప్పు కిలో 720, ముక్క 680 రూపాయల కంటే తక్కువకు తేకూడదని. అంటే పప్పుకు అడుగు ధర ఉండొచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ పప్పు ఏ పిక్కలోంచి వచ్చిందో ఆ పిక్కకు ఎందుకు ఉండకూడదు?

కొందరు మిత్రులు ఆఫ్రికా పిక్కను పూర్తిగా ఆపేయాలంటారు. నేను ఒప్పుకోను. మన పిక్క ఒక్కదానితో పలాస ఫ్యాక్టరీలు ఏడాది పొడవునా నడవవు. పప్పు ఒలిచే ఆడవాళ్ళు మన ఇళ్ళవాళ్ళే. వాళ్ళ కూలి ఆగితే మన పొయ్యే ఆరుతుంది. మన కోత నెలల్లో దిగుమతి సుంకం పెంచి, తర్వాత తగ్గించమని అడగడం న్యాయం.

ఇంకొందరు ప్రభుత్వం మొత్తం కొనేస్తే చాలంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన చెట్లు కూల్చింది. సరిగ్గా మరుసటి నెల టాంజానియాలో వ్యాపారులు తక్కువ రేటు ఇస్తున్నారని అధ్యక్షుడు మగుఫులి సైన్యాన్ని దింపి కిలో 3,300 షిల్లింగులకు పిక్కలు కొనిపించాడు. రైతులు సంతోషించారు. తర్వాత ఆ సరుకు అమ్మడానికే ప్రభుత్వం నానా తిప్పలు పడింది, చాలామందికి డబ్బు ఆలస్యమైంది. కొనడం ఒక్కటే చాలదు. నిల్వ, పరీక్ష, అమ్మకం మూడూ తెలిసి ఉండాలి. ఆ దీవి నేర్పే పాఠం ఇదే.

కాబట్టి మన కోరికలు ఇవి. 80 కిలోల బస్తాకు 16 వేల మద్దతు ధర మన పాత డిమాండు, దాన్ని వదలం. దానితోపాటు ఉద్దానంలో మండలానికి ఒక గోదాము కావాలి. గోదాము రశీదు మీద అప్పు ఇవ్వడానికి 2007 నుంచే దేశంలో చట్టం ఉంది, దాన్ని జీడిరైతు దగ్గరికి తేవాలి. ప్రతి కొనుగోలు కేంద్రంలో తేమ మిషను, పప్పు పరీక్ష, రశీదు తప్పనిసరి చెయ్యాలి. విశాఖ రేవులో దిగిన పిక్క ఎంత, ఏ రేటుకు అన్నది సీజన్లో వారం వారం మార్కెట్ యార్డు బోర్డు మీద రాయాలి. అప్పుడు "సింగపూర్లో పడిపోయింది" అన్న మాట నిజమో కాదో మనకే తెలుస్తుంది.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. ఈ సీజన్లో ప్రతి ఊళ్ళో సంఘం తరఫున పరీక్ష చేద్దాం. నాలుగైదు బస్తాల నుంచి కలిపి కిలో పిక్కలు తూచండి. అన్నీ కోసి మంచి పప్పు తూచండి. 272 గ్రాములు వస్తే అది 48 పౌన్ల సరుకు. ఆ అంకె కాగితం మీద రాసుకుని బేరానికి వెళ్ళండి, ఒక్కొక్కరుగా కాదు, ఊరంతా కలిసి. 16 వేలు ఎక్కువని ఫ్యాక్టరీవాళ్ళు అంటారు. సరే, పప్పు తూకం బల్ల మీద పెట్టి లెక్క తేల్చుకుందాం.

1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగిన పలాస ఇది. మనల్ని సింగపూర్ చేస్తామని వచ్చేవాళ్ళకు ఒకటే చెబుదాం. అక్కడి వ్యాపారికి ఉన్న తూకం, రశీదు, గోదాము, అప్పు ముందు మా రైతుకు ఇవ్వండి. ఆ తర్వాత మా భూముల సంగతి మాట్లాడండి.