రెండవ దాత యెందుకు రాడు?

అడవి యంచున మన సంఘ పరిధిలోని యొక చెరువునకు తూము శిథిలమై, రెండు వానకారులుగా నీరు నిలుచుట లేదు. మరమ్మతునకు సగము సొమ్ము నిత్తుమని యొక సహాయ సంస్థవారు చెప్పిరి. తక్కిన సగము మరియొకరు వ్రాసియిచ్చినచో మాత్రమే. ఆ రెండవవారి కడకు పోగా, మొదటివారి మంజూరు కాగితము చూపుడనిరి. నేనా కాగితములు చంకనిడుకొని యిటునటు దిరిగితిని. తుదకొక యధికారి, “మీ రైతుల వాటా యెంత వసూలైనది?” అని యడిగెను. జాబితాలో పేర్లున్నవి, పెట్టెలో పైస లేదు. అదియుగాక, కాలువ తమ చేలమీదుగా పోవునని చివరి ఆయకట్టువారు ముగ్గురు సంతకము చేయలేదు. ఆ సంగతి నేను దాచితిని. దాచుట తప్పని యిప్పుడు తోచుచున్నది.

ఇది పల్లెటూరి ముచ్చట యని తలపకుడు. ప్రభుత్వములకును నిదే తిప్పలు. అమరావతి నిర్మాణమునకు మొదట వేసిన పథకపు లెక్క 71.5 కోట్ల డాలర్లు. అందు ప్రపంచ బ్యాంకు 30 కోట్లు, ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 20 కోట్లు ఇయ్యవలెను. మిగిలినది రాష్ట్రపు వాటా. (దాతలని మనమందుము గాని యిది ఋణమే, తీర్చవలసినదే.) రెండవ బ్యాంకు మొదటిదాని నియమములను, పరిశీలనను నమ్ముకొని కలిసినది. భూసమీకరణమున 33,000 ఎకరములకు పైగా రైతుల భూమి చేరినది. కొందరు భూయజమానులు 2017లో ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేసిరి. విచారణ జరుగవలెనని మండలి సూచించెను. అది యారంభము కాకముందే 2019 జులైలో భారత ప్రభుత్వము తన వినతిని ఉపసంహరించుకొనగా ప్రపంచ బ్యాంకు తప్పుకొనెను. కొలది దినములకే రెండవ బ్యాంకును వెళ్లిపోయెను.

మరల 2024 జులైలో కేంద్ర ప్రభుత్వము తన బడ్జెటునందు 15,000 కోట్ల రూపాయలు ఇట్టి సంస్థల ద్వారా సమకూర్తునని మాట యిచ్చినది. ఆ డిసెంబరులోనే ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు సుమారు 79 కోట్లు మంజూరు చేసినవి. ముందు పూచీపడువాడొకడు దొరకగనే యిద్దరును జతగా వచ్చిరి.

ఫిర్యాదు చేసినవారే సొమ్మును తరిమివేసిరని కొందరందురు. నేనట్లు తలపను. సంతకము చేయని రైతును మొదటనే కూర్చుండబెట్టి మాటాడిన నొక్క దినము పట్టును. తరువాత తెలిసినచో పని యంతయు నిలుచును.

కావున మన చెరువు విషయమున ఎకరమునకింతయని తీర్మానించి, ముందు ఆ సొమ్ము సంఘపు ఖాతాలో వేయుదము. ఆ ముగ్గురితో కాలువ త్రోవను తేల్చుకొందము. పిమ్మటనే అర్జీ పంపుదము. రశీదు పుస్తకము కార్యదర్శి యొద్ద నున్నది.