అత్తగారి జలుబు

పంటినొప్పికి వొక గుణం వుంది. రాత్రల్లా ఇంటిల్లిపాదినీ మేలుకొలుపుతుంది. తెల్లవారి డాక్టరుగారి గుమ్మం ఎక్కేసరికి మాయమవుతుంది. యంత్రాల జబ్బుల్లోనూ ఈ జాతివి వున్నాయి. వాటితోనే చావు.

కిందటి శీతకాలం అరకులో మా మేనల్లుడికి ఇటువంటిదే తగులుకుంది. వాడు ఫైబరు తీగల వెంట కబుర్లు పంపే యంత్రాలు చూసుకుంటాడు. ఆ గాజుపోగులో పరుగెత్తేది లేజరు వెలుగు. అది తప్పితే టవరు మూగవోతుంది. పింఛను డబ్బుకోసం కొండ దిగి వచ్చిన అవ్వ ఎన్నిసార్లు వేలు నొక్కినా మిషను పలకదు. “రేపు రా” అంటారు. రేపు రావడమంటే మళ్ళీ రెండు కొండలు.

రోజూ తెల్లవారుజాము మొదలు మంచు విడేదాకా ఇదే వరస. మధ్యాహ్నం చూడబోతే అంతా సవ్యం. పైగూడెం కుర్రాళ్ళు తీగ లాగుతున్నారని పైవాళ్ళు తేల్చేసేరు. తీగ బాగా వంగితే వెలుగు కారిపోయే మాట నిజమే గనుక అనుమానం బొత్తిగా పిచ్చిదీ కాదు. పోలీసులకు అర్జీ కూడా సిద్ధమైంది. మావాడు రెండురోజులు గడువడిగేడు.

గడువెందుకో చెప్పాలంటే సంగతి కొంచెం విప్పాలి. అమెరికాలో మైమన్ 1960లో వెలిగించిన మొదటి లేజరుది కెంపు కడ్డీ. తీగల్లో వాడేది ఆవగింజకన్న చిన్న రవ్వ. వేడెక్కితే అదే కరెంటుకు తక్కువ వెలుగిస్తుంది. అందుకని పక్కనే ఫోటోడయోడ్ అనే కన్నొకటి కూర్చోపెడతారు. వెలుగు తగ్గిందని కన్ను చెబితే కరెంటు పెరుగుతుంది, హెచ్చిందంటే తగ్గుతుంది. అత్తగారు రుచి చూసి చెబుతుంటే కోడలు ఉప్పు వేస్తున్నట్టన్నమాట.

మరి అత్తగారికి జలుబు చేస్తే? “చప్పగా వుంది, ఇంకా వెయ్యి” అంటుంది. పులుసు సముద్రమవుతుంది!

యంత్రం తన వెలుగెంతో అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకె ఎప్పుడు చూసినా సరిగానే వుంది. వుండదూ? చెప్పేది ఆ కన్నే కదా. మావాడు దాని మాట పక్కనపెట్టి, వెలుగు తీగలోకి దూరే చోటనే కొంత పక్కకు మళ్ళించి వేరే మీటరు పెట్టేడు. రాత్రల్లా కరెంటు లెక్కా, మీటరు లెక్కా రాయించేడు. తెల్లవారుజామున కరెంటు చివాలున లేచింది, దానితో వెలుగూ పెరిగింది. వెంటనే రక్షణ ఏర్పాటు దీపాన్ని ఆర్పేసింది. తీగ లాగితే ఆ చోట వెలుగు పెరగనే పెరగదు!

2017లో అమెరికాలోని హాన్‌ఫర్డులో, లేజరుతో గురుత్వ తరంగాలను కనిపెట్టే పరిశోధనశాలలో, ఏవో వింత చప్పుళ్ళు లెక్కల్లో పడ్డాయి. వెళ్ళి చూస్తే, బయట గొట్టంమీది మంచును బొంతకాకులు పొడుస్తున్నాయి. అక్కడా వెళ్ళి చూశాకనే తేలింది.

ఇక మావాడు పాత రేడియో మెకానిక్కుల పద్ధతికి దిగేడు. మూత విప్పి, చెక్కపుల్లతో తట్టుతూ, చల్లటి గాలిమందు వొక్కొక్క అతుకుమీదా చిమ్మేడు. కన్ను కాలి దగ్గరికి రాగానే నట్టనడిమధ్యాహ్నం దీపం ఆరింది! భూతద్దంలో చూస్తే సీసపు అతుకుచుట్టూ వెంట్రుకంత బీట. అరకు చలికి ముడుచుకుని విడిపోతోంది, ఎండపొడకు మళ్ళీ కలుస్తోంది. టంకం మళ్ళీ కరిగించి పోసేడు.

“అర్జీ చింపేసేరు మామయ్యా,” అన్నాడు.

“పైగూడెంలో చెప్పేవా?”

“వాళ్ళనెవరూ నేరుగా ఏమీ అనలేదుగా?”

“అనకపోతే వాళ్ళకు తెలియదనుకున్నావా?”

మర్నాడు వెళ్ళేడు. ఎవరేమన్నారో నాకు చెప్పలేదు. తిరిగివచ్చినప్పుడు సంచీలో శేరెడు రాజ్మా గింజలున్నాయి.