ఒక్క గొంతు చాలు

పెళ్లి మాటలకు రెండు వైపుల పెద్దలూ కూర్చుంటారు. కట్నం అంకె వినగానే 'మన తాహతుకు మించిందే' అని ఒకరిద్దరికైనా అనిపిస్తుంది. పైకి మాత్రం అనరు. అందరూ తలూపుతుంటే తామూ ఊపుతారు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమని 1961లోనే చట్టం వచ్చినా సరే!

ఎందుకిలా? అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాలలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో ఓ పరీక్ష పెట్టారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనదేదో చెప్పమన్నారు. పసిపిల్లలైనా చెప్పగలరు. కానీ గదిలో ఒక్క విద్యార్థి తప్ప మిగతావాళ్లంతా యాష్ ముందే మాట్లాడుకున్న మనుషులు. 18 సార్లు అడిగితే 12 సార్లు కావాలనే అందరూ ఒకే తప్పు చెప్పారు. ఏమైంది? ఒంటరిగా అడిగితే నూటికి ఒక్కసారి కూడా పొరబడని ప్రశ్నకు, నలుగురిలో ముగ్గురు కనీసం ఒకసారైనా గుంపు మాటకే ఓటేశారు. తమ కళ్లనే అనుమానించినవారు కొందరు, నలుగురిలో వేరుపడటం ఇష్టంలేక ఊరుకున్నవారు ఇంకొందరు.

అసలు విశేషం ఇప్పుడు వినండి. గదిలో ఇంకొక్కరు నిజం చెప్పగానే గుంపు ఒత్తిడి నాలుగోవంతుకు పడిపోయింది!

ఈసారి మీ ఇంట్లో అలాంటి మాటలు జరిగితే, తప్పని తోచింది మీ ఒక్కరికేనేమో అనుకోకండి. పక్కనున్న పిన్నిగారు మీరు నోరు విప్పడం కోసమే చూస్తుండొచ్చు.